తోట అడవులు, కార్బన్ అడవులు: నియమాల రూపకల్పనలో ప్రజాభిప్రాయ సేకరణ

కలప కోసమో కాగితపు గుజ్జు కోసమో ఒకే జాతి మొక్కలను వరుసల్లో నాటి, కొన్నేళ్లకు నరికి, మళ్లీ పెంచే భూమిని తోట అడవి అనవచ్చు. ఆ చెట్లు గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఎంత పీల్చి దాచాయో లెక్కగట్టి, ఆ లెక్కను క్రెడిట్ల రూపంలో అమ్మినప్పుడు అదే తోట కార్బన్ అడవి అవుతుంది. ఈ రెండింటికీ సంబంధించిన పర్యావరణ నియమాలను ఎవరు రాస్తున్నారు, రాసేముందు ఎవరిని అడుగుతున్నారు అన్నది ఈ వ్యాస విషయం. చర్చకు ఆధారంగా ఎన్టీఆర్ జిల్లా ఉత్తరపు కొసన తెలంగాణను ఆనుకొని ఉన్న తిరువూరు ప్రాంతాన్ని తీసుకుందాం. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలాల్లో మామిడి తోటలు ఉన్నాయి, జామాయిల్, సుబాబుల్ తోటలూ ఉన్నాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు చివరి భూములు కూడా ఇక్కడివే. కాలువ నీటికి భరోసా లేనిచోట, కూలీల ఖర్చు పెరిగినచోట, ఒకసారి నాటితే మూడు నాలుగేళ్లకు కోతకు వచ్చి, నరికిన మోడు మళ్లీ చిగురించే చెట్టు రైతుకు సహజంగానే ఆకర్షణీయం. తిరువూరు మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి కొత్తగూడెం మీదుగా నేరుగా భద్రాచలం చేరుతుంది. అక్కడ గోదావరి ఒడ్డున సారపాకలో ఐటీసీ కాగితపు మిల్లు ఉంది. అధిక దిగుబడినిచ్చే జామాయిల్ క్లోన్ మొక్కలపై ఆ సంస్థ 1989 నుంచి పనిచేస్తోంది. ఖమ్మం, కృష్ణా జిల్లాల మెట్ట భూముల రూపురేఖలను మార్చిన కారణాల్లో అదొకటి.

ఈ చెట్ల గురించి నియమాలు లేవని కాదు, చాలానే ఉన్నాయి. అయితే వాటిలో ఏదీ చెట్టు నాటే ఊరిని తన చిరునామాగా పెట్టుకోలేదు. కేంద్రం చేసే నియమం గెజిట్‌లో హిందీలో, ఇంగ్లీషులో వస్తుంది. కార్బన్ ప్రమాణం విదేశీ రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉంటుంది. రాష్ట్ర చట్టం నరికేటప్పుడు మాత్రమే గుర్తుకొస్తుంది. అభిప్రాయం చెప్పే అవకాశం కాగితం మీద ప్రతిచోటా ఉన్నా, చెప్పవలసిన మనిషి దగ్గరికి అది చేరే దారి మాత్రం లేదు. ఫ్యాక్టరీల కోసం తయారైన సంప్రదింపుల పద్ధతిని పొలాల మీద పరచిన చెట్లకు అతికించడం వల్ల వచ్చిన లోపం ఇది. దీన్ని సరిదిద్దాలంటే సంప్రదింపును గ్రామసభకు తేవాలి, తెలుగులో జరపాలి, అంకెలు ఖరారు కాకముందే జరపాలి.

ముందు ఫ్యాక్టరీల పద్ధతి ఎలా ఉంటుందో చూద్దాం. 2006 సెప్టెంబరు 14న వెలువడిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణలో రెండు భాగాలున్నాయి: ప్రాజెక్టు స్థలం దగ్గర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేసే బహిరంగ విచారణ, సంబంధం ఉన్న ఇతరుల నుంచి రాతపూర్వక స్పందనలు. విచారణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. గుజ్జు, కాగితం పరిశ్రమ ఈ నోటిఫికేషన్ జాబితాలో ఉంది, ఆ పరిశ్రమకు కలపనిచ్చే తోట లేదు. కాబట్టి మిల్లు విస్తరణ తలపెడితే విచారణ మిల్లు ఉన్న చోట జరుగుతుంది. పొగ, మురుగునీరు, ఉద్యోగాల మాట అక్కడ వస్తుంది. ఆ విస్తరణ వల్ల ఎక్కడెక్కడి పొలాలు చెట్ల కిందికి వెళతాయి, ఆ పొలాల్లో పత్తి, మిరప తీసే కూలీలు ఏమవుతారు, పక్క బోర్ల సంగతేమిటి అన్న ప్రశ్నలకు ఆ పందిరి కింద చోటు లేదు. మిల్లు ఒకచోట ఉంటుంది, దాని అడవి అనేక మండలాల్లో పరచుకొని ఉంటుంది. విచారణ మాత్రం మిల్లుకే పరిమితం.

కార్బన్ మార్కెట్ ఈ దూరాన్ని తగ్గించకపోగా ఇంకా పెంచింది. తిరువూరుకు పొరుగునే ఉన్న ఉమ్మడి ఖమ్మం జిల్లాలో అందుకు తొలి ఉదాహరణ దొరుకుతుంది. క్యోటో ఒప్పందం కింది స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో ఐటీసీ సామాజిక అటవీ పథకం 2009లో నమోదైంది. సుమారు 3,070 హెక్టార్ల నిస్సార భూముల్లో చెట్లు పెంచి ఏడాదికి 57,792 టన్నుల బొగ్గుపులుసు వాయువును పీల్చుకునేలా చేయడం దాని అంచనా. అంటే హెక్టారుకు ఏటా దాదాపు 19 టన్నులు. ఆ యంత్రాంగం స్థానికులను సంప్రదించాలనే నియమం పెట్టింది, అది మంచిదే. దానికి అదనంగా, అటవీ ప్రాజెక్టుల పత్రాన్ని ప్రపంచమంతా చూసి వ్యాఖ్యానించేందుకు 45 రోజుల గడువు ఇచ్చింది. ఇతర ప్రాజెక్టులకు ఇచ్చింది 30 రోజులే. అడవుల విషయంలో ఎక్కువ సమయం అవసరమని నియమం రాసినవారే గుర్తించారన్నమాట. కానీ ఆ పత్రం ఇంగ్లీషులో ఉంటుంది. 1989 చివరినాటికి అడవిగా లేని భూమే అర్హం, మొదటి లెక్క ఇంత, చెట్లు లేకుంటే ఆ భూమి ఏమై ఉండేదో దాని అంచనా ఇంత వంటి సాంకేతిక నిర్ణయాలన్నీ అందులోనే ఉంటాయి. భూమి ‘నిస్సారం’ అన్న మాటను ఆ భూమిలో మేకలు మేపుకున్నవారు ఒప్పుకుంటారో లేదో తేలవలసింది ఆ 45 రోజుల్లోనే.

ఇంకో సంగతి కూడా ఆ యంత్రాంగం దాచలేదు. చెట్లలో దాచిన కర్బనం శాశ్వతం కాదు కాబట్టి అటవీ క్రెడిట్లను అది తాత్కాలిక క్రెడిట్లుగానే జారీ చేసింది. గడువు తీరితే కొన్నవారు వాటి స్థానంలో వేరే క్రెడిట్లు తెచ్చుకోవాలి. యూరోపియన్ యూనియన్ ఉద్గారాల మార్కెట్ ఈ క్రెడిట్లను అనుమతించనేలేదు. నాలుగేళ్లకు నరికి కాగితం చేసే చెట్టు విషయంలో ఇది న్యాయమైన జాగ్రత్తే. అయితే ఆ జాగ్రత్త కొనేవాడి కోసం పెట్టింది. తోట ఎండిపోయినా, తెగులు తగిలినా, ధర పడిపోయి రైతు చెట్లు పీకేసి మిరప వేసుకోవాలనుకున్నా నష్టం ఎవరి మీద పడాలి అన్నది రైతు అడగవలసిన ప్రశ్న. ఒప్పందపు నమూనా ముసాయిదాగా ఊరిముందుకు వస్తే తప్ప ఈ ప్రశ్న సకాలంలో పుట్టదు.

ఇప్పుడు మన దేశపు సొంత పథకానికి వద్దాం. హరిత క్రెడిట్ నియమాల ముసాయిదాను కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2023 జూన్ చివర్లో ప్రకటించి, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాలు కోరే 60 రోజుల గడువు ఇచ్చింది. తుది నియమాలు అదే ఏడాది అక్టోబరు 12న వచ్చాయి. చెట్ల పెంపకానికి పద్ధతి మాత్రం 2024 ఫిబ్రవరి 22న వేరే నోటిఫికేషన్‌గా వచ్చింది. అటవీ శాఖ ఆధీనంలోని పలుచబడిన అడవి, చిట్టడవి, బంజరు, పరీవాహక భూములను ఎంపిక చేయవచ్చని, హెక్టారుకు కనీసం 1,100 మొక్కలు నాటాలని, మొక్కకొక క్రెడిట్ అని అది చెప్పింది. ఊరి జీవితాన్ని తాకే అంకెలన్నీ ఈ రెండో కాగితంలోవే, 60 రోజుల గడువిచ్చిన మొదటి కాగితంలో అవి లేవు. చిట్టడవిని చెట్లు లేని లోటుగా చూడటం తప్పని, గడ్డిభూములకూ పొదల అడవులకూ వాటి జీవజాలం వాటికుందని పర్యావరణవేత్తలు ఆ తరువాత గట్టిగా చెప్పారు. 2025 ఆగస్టులో పద్ధతిని సవరించి, మొక్కల లెక్కకు బదులు అయిదేళ్లు బతికిన చెట్లను, 40 శాతం పందిరి సాంద్రతను ప్రమాణంగా తెచ్చారు. సవరణ మెరుగైనదే. కానీ నాటిన మొక్క బతికితేనే లెక్క అన్న మాట చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఏటా వనమహోత్సవం చూసే ఏ పంచాయతీ వార్డు సభ్యుణ్ని అడిగినా మొదటి రోజే చెప్పేవాడు.

కొండపల్లి కొండల మాట ఇక్కడ చెప్పుకోవాలి. తిరువూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలోనే ఆ అడవి ఉంది. పేరుపొందిన కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చెట్టు అక్కడి పొడి అడవిది. బొమ్మల కళాకారులకు ఆ కలప అందడం ఏళ్ల తరబడి సమస్యగా ఉంది. పైనుంచి తీసిన చిత్రంలో ఆ కొండలు పలుచని అడవిగా కనిపించవచ్చు. దానికి భిన్నంగా, భారత అటవీ సర్వే లెక్కలో ఒక హెక్టారుకు మించి 10 శాతం పందిరి ఉన్న భూమి ఎవరిదైనా అటవీ విస్తీర్ణమే, కాబట్టి తిరువూరు మామిడి తోట కూడా అందులోకి వస్తుంది. ఈ కొలతలు దేశవ్యాప్త లెక్కకు పనికొస్తాయి. ఏ చెట్టు ఎవరికి అన్నం పెడుతుందో, ఏ పొద ఎవరి మేకకు మేతో, ఎక్కడ తునికాకు కోస్తారో చెప్పడానికి పనికిరావు. ఆ సమాచారం కాగితం మీద ఎక్కడా లేదు, మనుషుల దగ్గరే ఉంది. సంప్రదింపు అవసరం కావడానికి అసలు కారణం ఇదే. ప్రజల సంతృప్తి దాని తరువాతి సంగతి.

భాష గురించి న్యాయస్థానమే ఒకసారి మాట్లాడింది. 2020 మార్చిలో వచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా బహిరంగ విచారణ ప్రకటన గడువును 30 రోజుల నుంచి 20 రోజులకు తగ్గించాలని ప్రతిపాదించింది. ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లో ఉంటే చాలదని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది జూన్ 30న ఆదేశించి, అభిప్రాయాల గడువును ఆగస్టు 11 వరకు పొడిగించింది. లాక్‌డౌన్ కాలంలో కూడా లక్షల్లో స్పందనలు వచ్చాయి. పర్యావరణ నియమాలు జనానికి పట్టవన్న వాదన ఆ సంఖ్య ముందు నిలవదు. తెలిసిన భాషలో, తెలిసే సమయంలో అడిగితే జనం చెబుతారు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది రైతు పక్షం నుంచి వచ్చేదే. నా పట్టా భూమి, నా చెట్టు, దానికి గ్రామసభ అనుమతి ఎందుకు? ఈ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. నరకడానికి, రవాణాకు అనుమతుల కోసం కార్యాలయాల చుట్టూ తిరగడం రైతులను చెట్లకు దూరం చేసిందనే గుర్తింపుతోనే 2014 జాతీయ వ్యవసాయ అటవీ విధానం ఆ ఆంక్షల సడలింపు కోరింది. సాగుభూముల్లో చెట్ల నరికివేతపై కేంద్రం 2025 జూన్‌లో రాష్ట్రాలకు పంపిన నమూనా నియమాలదీ అదే దారి. రైతు ఏ పంట వేయాలో ఊరు నిర్ణయించాలని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ఊరిని అడగవలసింది ఒక్కో రైతు తోట గురించి కాదు, వందల ఎకరాలను ఇరవై ముప్ఫై ఏళ్లకు కట్టిపడేసే పథకపు షరతుల గురించి. ఎందుకంటే ఆ షరతులు సంతకం పెట్టని వారినీ తాకుతాయి. అందరికన్నా ముందు తాకేది కౌలు రైతును. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు ఒప్పందం 11 నెలలకే. నాలుగేళ్ల సుబాబుల్‌లోనే అతనికి చోటు లేదు, ఇక దశాబ్దాల కార్బన్ ఒప్పందంలో ఎక్కడుంటాడు? భూమి చెట్ల కిందికి వెళ్లిన రోజున అతని జీవనాధారం పోతుంది, ఏ కాగితం మీదా అతని సంతకం అక్కరలేకుండానే. కలుపు తీతలకు, పత్తి తీతలకు వెళ్లే ఆడకూలీల సంగతీ అంతే.

రెండో తాకిడి నీటి మీద. జామాయిల్ నీరంతా తాగేస్తుందని ఊళ్లలో బలంగా వినిపిస్తుంది, అటవీ శాఖల్లో కొందరు అది అపోహ అంటారు. కర్ణాటకలో 1980ల చివర భారత, బ్రిటన్ శాస్త్రజ్ఞులు కొలిచి చూస్తే రెండు మాటల్లోనూ కొంత నిజం కనబడింది. కొన్ని చోట్ల ఆ చెట్టు వాన నీటిని మించి వాడలేదు, అక్కడి సహజ అడవి వాడినంతే వాడింది. లోతైన నేల ఉన్నచోట లేత తోట మాత్రం వర్షపాతానికి మించి, నేలలో నిలవ ఉన్న నీటినీ లాగింది. అంటే జవాబు నేలను బట్టి, లోతును బట్టి, తోట వయసును బట్టి మారుతుంది. ఢిల్లీలో కూర్చొని దేశమంతటికీ ఒకే మాట చెప్పలేని విషయం ఇది. 2002లో వచ్చిన మన నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అని పిలిచేది, పేరులోనే ఈ మూడింటినీ కలిపింది. మండల స్థాయిలో కూడా ఒక ప్రాధికార సంస్థను పెట్టింది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదంటుంది. అదే దూరంలో ఎకరాల కొద్దీ వేగంగా పెరిగే చెట్లు వస్తే మాత్రం ఎవరూ కొలవరు. చట్టం ఇచ్చిన ఈ మండల వేదికను వాడుకుంటే కొత్త శాఖేమీ పెట్టనక్కరలేదు.

కార్బన్ లెక్కలు పల్లెవాళ్లకు అర్థం కావన్నది మరో అభ్యంతరం. దీనికి తెలుగు నేల మీదే జవాబుంది. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, నంద్యాల కేంద్రంగా పనిచేసిన స్వచ్ఛంద సంస్థ సమన్వయంలో, ఉమ్మడి రాష్ట్రపు ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల యాజమాన్య కార్యక్రమం నడిచింది. రైతులు, వారిలో మహిళలు కూడా, బావుల నీటిమట్టాన్ని, వానను తామే కొలిచారు. ఆ సీజనులో ఎంత నీరుందో, ఏ పంటకు ఎంత కావాలో ఊరి గోడ మీద లెక్కలు వేసుకొని పంటలు ఎంచుకున్నారు. నీటి బడ్జెట్ వేయగలిగిన ఊరికి చెట్టు చుట్టుకొలత కొలవడం, బతికిన మొక్కలను లెక్కించడం కష్టమేమీ కాదు. ఏ కార్బన్ పథకమైనా చివరికి ఆధారపడేది పొలంలో టేపు పట్టి కొలిచే ఆ కొలతల మీదే.

ఇంతమందిని అడిగితే పని సాగదంటారు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ పనుల ఆమోదానికి 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపింది. సంకల్పం ఉంటే యంత్రాంగం కదులుతుందనడానికి వేరే రుజువు అక్కరలేదు. ముప్ఫై ఏళ్ల ఒప్పందానికి అరవై రోజుల ఆలస్యం ఎక్కువేమీ కాదు. గ్రామసభలు పెద్దల చేతుల్లో, పార్టీల చేతుల్లో ఉంటాయన్న మాట మాత్రం నిజానికి దగ్గరగా ఉంది, దాన్ని కాదనలేం. తీర్మానం ముందే రాసి ఉంచి సంతకాలు పెట్టించే సభలు మనకు కొత్త కాదు. కానీ సభ జరిపే తీరు మారితే ఫలితం మారుతుందని మన పొరుగునే, ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల్లో రుజువైంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాన్ని గ్రామసభల తీర్పుకు వదిలింది. న్యాయాధికారి సమక్షంలో పన్నెండు పల్లెసభలు జరిగితే పన్నెండూ వద్దన్నాయి. అది అటవీ హక్కుల చట్టం వర్తించే షెడ్యూల్డ్ ప్రాంతం, తిరువూరు కాదు. చట్టబలం రెండుచోట్లా ఒకటి కాదు. అయినా బయటి అధికారి సమక్షం, ముందస్తు చాటింపు, మాటలను అక్కడికక్కడే నమోదు చేయడం అనే మూడు జాగ్రత్తలు ఎక్కడైనా పాటించదగ్గవే.

ఇతర దేశాల అనుభవమూ ఇటే చూపుతుంది. న్యూజిలాండ్‌లో తోట అడవులకు జాతీయ పర్యావరణ ప్రమాణాలు 2018 మేలో అమల్లోకి వచ్చాయి. కార్బన్ ధర కోసం పచ్చిక భూముల్లో పైన్ చెట్లు నాటి నరకకుండా వదిలేయడం పెరిగాక, ఆ ప్రమాణాలను కార్బన్ అడవులకూ వర్తింపజేయాలా అని 2022 చివర్లో ప్రజలను అడిగారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గాబ్రియేల్ తుపాను, నరికిన తోటల్లో వదిలేసిన కొమ్మలను, దుంగలను వరదతో పాటు ఊళ్ల మీదికి, వంతెనల మీదికి తోసింది. 2023 నవంబరులో వచ్చిన కొత్త ప్రమాణాలు కార్బన్ అడవులనూ కలుపుకున్నాయి. కొత్త తోటలు ఎక్కడ రావాలన్న విషయంలో స్థానిక మండళ్లు మరింత కఠినమైన నియమాలు పెట్టుకునే వీలిచ్చాయి. 2025లో ఆ వెసులుబాటును తీసేయాలన్న ప్రతిపాదన కూడా మళ్లీ ప్రజాభిప్రాయానికే వచ్చింది. తీర్పు ఎటు మొగ్గినా చెట్టు ఎక్కడ అన్న ప్రశ్న మాత్రం బహిరంగంగా నలుగుతోంది. కర్ణాటక ఇందుకు భిన్నమైన దారి పట్టింది. 1980లలోనే రైతులు నర్సరీల్లో జామాయిల్ నారు పీకేసిన ఆ రాష్ట్రం 2017లో కొత్తగా ఆ చెట్టు నాటడాన్నే నిషేధించింది. వినకుండా నాటడం మొదలైతే ఎంత దూరం పోతుందో ఆ ముప్ఫై ఏళ్ల చరిత్ర చెబుతుంది. చెట్టుమీద ఆధారపడ్డ రైతుకు నిషేధమూ న్యాయం కాదు.

తిరువూరుకు మరో చిక్కు కూడా ఉంది. 2014 జూన్ 2 తరువాత రాష్ట్ర సరిహద్దు ఈ తోటల మధ్య నుంచి పోతోంది. నేల ఒకటే, వాన ఒకటే, కొనేవాడు కూడా చాలాసార్లు ఒకడే. నియమాలు మాత్రం రెండు రాజధానుల్లో తయారవుతాయి. సరిహద్దుకు అటూ ఇటూ పంచాయతీలను కలిపి అడగకపోతే, ఒకవైపు షరతు కఠినమైతే పథకం మరోవైపు సడలిన షరతును వెతుక్కుంటుంది. 2023 జూన్‌లో కేంద్రం ప్రకటించిన కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకం కింద 2025 మార్చిలో ఆమోదం పొందిన ఎనిమిది పద్ధతుల్లో చెట్లకు సంబంధించింది మడ అడవుల పద్ధతి. పొలాల చెట్ల పద్ధతులు రాబోయే కాలానివి. కాబట్టి అడగడానికి ఇంకా వేళ మించలేదు. ఆ పద్ధతుల ముసాయిదా తెలుగులో గ్రామ సచివాలయంలోనూ రైతు సేవా కేంద్రంలోనూ 60 రోజులు ఉండాలి. కౌలుదారులకు, కూలీలకు, మేకల కాపరులకు వేరుగా కూర్చొని మాట్లాడే సమయం ఇవ్వాలి. ప్రతి అభ్యంతరానికి ఒప్పుకున్నారో లేదో, ఎందుకో రాతలో జవాబు రావాలి. ఆ జవాబు లేకుండా పద్ధతి ఖరారు కాకూడదు.

అప్పటిదాకా తోట ఒప్పందంతో ఎవరైనా ఇంటికి వస్తే రైతు సోదరులు చేయగలిగింది ఒకటుంది. కాగితాన్ని తెలుగులో ఇమ్మనండి. గడువెంతో, క్రెడిట్ డబ్బులో మీ వంతెంతో, చెట్లు చస్తే భారమెవరిదో, మధ్యలో మానుకునే వీలుందో లేదో రాయించుకోండి. సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని గ్రామసభలో చదివించండి.